చలి సముద్రంలో హై స్ట్రెంగ్త్ తేలిక కాంక్రీట్: కంకర నానబెట్టాలా, పొడిగా వాడాలా?

#1 కైసన్‌డిజైన్

మంచు పలకలు ఒరుసుకుంటూ పోయే చోట నిలబెట్టే కైసన్ (తేలించి లాక్కెళ్లి సముద్రం అడుగున దించే పెద్ద కాంక్రీట్ పెట్టె) ఇది. లోతు తక్కువున్న దారిలో లాక్కెళ్లాలి కాబట్టి డ్రాఫ్ట్ (నీటిలో మునిగే లోతు) 9 మీటర్లు దాటకూడదు. అందుకే బయటి గోడకి ఎల్‌సీ 60/66 (సిలిండర్‌కి 60, క్యూబుకి 66 మెగాపాస్కల్ బలమున్న తేలిక కాంక్రీట్) అనుకున్నారు. గోడ మందం 900 మి.మీ., వెనక 6 మీటర్లకో అడ్డగోడ. నీరు మైనస్ 1.8 డిగ్రీలు, గాలి మైనస్ 35 దాకా పోతుంది.

స్పెసిఫికేషన్ ముసాయిదాలో "తేలిక కంకరను పూర్తిగా నీరు పట్టేలా నానబెట్టి వాడాలి" అని ఉంది. పంపింగ్ కోసమట. ఆ ఒక్క లైను నాకు మింగుడు పడట్లేదు. గడ్డకట్టే చోట నీళ్లు నింపిన కంకర ఎలా పెడతాం? దాంతోపాటు షియర్‌కి (అడ్డంగా కోసే బలానికి) ఎంత తగ్గించాలి, మంచు రాపిడికి కవర్ (కడ్డీ మీద కాంక్రీట్ మందం) ఎంత ఇవ్వాలి అన్నవి కూడా చెప్పండి.

#2 తేలికకంకర

మీ అనుమానం నిజమే. ఆ లైను కొట్టేయించండి.

లెక్క చూద్దాం. బట్టీలో ఉబ్బించిన షేల్ గానీ స్లేట్ గానీ తీసుకోండి. గింజ పొడి సాంద్రత ఘనపు మీటరుకి 1,450 కిలోలు అనుకుందాం. లోపలి ఘనపదార్థం 2,600 దగ్గర ఉంటుంది, అంటే గింజలో దాదాపు 44 శాతం ఖాళీయే. కానీ అందులో చాలా రంధ్రాలు మూసుకుపోయినవి, వాటిలోకి నీరు వెళ్లదు. 24 గంటలు నానితే బరువులో 7 శాతం నీరు పీల్చే కంకర, వాక్యూమ్ పెట్టి నానబెడితే 18 శాతం పీల్చిందనుకోండి. అప్పుడు మామూలుగా నానిన గింజలో నీరు చేరగల రంధ్రాలు 40 శాతం కూడా నిండలేదు. మిగతాది గాలే. ఆ గాలే మనకి రక్ష.

నీరు గడ్డకడితే 9 శాతం పెరుగుతుంది. అందుకే 91 శాతం నిండిన రంధ్రం దాకా నెట్టుకురావచ్చు. అది దాటితే పెరిగిన నీరు ఎక్కడికో ఒకచోటికి పోవాలి. గింజలోని రంధ్రాలు సిమెంట్ పేస్టు రంధ్రాల కంటే చాలా పెద్దవి, కాబట్టి ముందు గడ్డకట్టేది గింజలోని నీరే. గింజ నిండుగా ఉంటే ఆ ఎక్కువ నీరు చుట్టూ ఉన్న పేస్టులోకి దూసుకొస్తుంది. హై స్ట్రెంగ్త్ పేస్టు బిగుతుగా ఉంటుంది, నీటికి దారివ్వదు. దాంతో గింజ చుట్టూ పగులు మొదలవుతుంది. బలం కోసం బిగించిన పేస్టే ఇక్కడ ఎదురు తిరుగుతుంది.

గింజ సగం ఖాళీగా ఉంటే కథ తిరగబడుతుంది. పేస్టులోంచి నెట్టుకొచ్చే నీటికి గింజే ఆశ్రయం ఇస్తుంది. తేలిక కాంక్రీట్ చలిలో బాగా నిలబడుతుందనడానికీ, పనికిరాదనడానికీ రెండు రకాల పరీక్ష ఫలితాలు కనబడతాయే, వాటి మధ్య తేడా చాలావరకు ఇదే.

#3 పంపులైన్

అదంతా సరే, పొడి కంకరతో పంపు నడిపి చూపించండి. లైనులో ఒత్తిడి పెరిగేసరికి మిక్స్‌లోని నీరంతా గింజల్లోకి దూరుతుంది, స్లంప్ (కాంక్రీట్ జారుడు) పడిపోతుంది, లైను మూసుకుపోతుంది. ఒత్తిడి వదలగానే ఆ నీళ్లలో కొంత బయటికొచ్చి కడ్డీల కింద, గింజల చుట్టూ చేరుతుంది. అప్పుడు బాండ్ (కడ్డీకీ కాంక్రీట్‌కీ పట్టు) పోయింది అని మీరే గోల పెడతారు.

#4 తేలికకంకర

పంపులైన్ గారూ, నానబెట్టొద్దని నేననలేదు. నింపొద్దన్నాను. వాక్యూమ్, ఉడకబెట్టడం, వేడి కంకరను నీళ్లలో ముంచడం, ఈ మూడూ మానేయాలి. కుప్ప మీద స్ప్రింక్లర్‌తో 48 నుంచి 72 గంటలు తడిపి, ఒక రోజు నీరు ఓడ్చేసి వాడితే చాలు. ఆ తేమతో 125 మి.మీ. లైను, వంపులు తక్కువ, వేగం తక్కువ పెట్టుకుంటే నడుస్తుంది. మంచు గోడ వరకైనా క్రేను, బకెట్‌తో పోయగలిగితే ఇంకా మంచిది. అప్పుడు కంకరని మరింత పొడిగా వాడొచ్చు.

గోడకి ఒక మొదటి మిక్స్ ఇస్తున్నా, ఘనపు మీటరుకి: సిమెంట్ 420 కిలోలు, సిలికా ఫ్యూమ్ (సిమెంట్‌తో కలిపే మెత్తటి సిలికా పొడి) 34, నీరు 154 (గింజలో ఉన్నది కాక), మామూలు ఇసుక 680, 12 మి.మీ. తేలిక కంకర పొడి లెక్కన 559, దానిలో నీరు 39, గాలి 5.5 శాతం. కలిపితే తాజా సాంద్రత 1,886 వస్తుంది. నీరు-బైండర్ (సిమెంట్, సిలికా ఫ్యూమ్ కలిపి) నిష్పత్తి 0.34.

ఇక్కడ ఒక ప్రమాదం ఉంది. కుప్పలో తేమ 2 శాతం అటూఇటూ అయితే 11 కిలోల నీరు తేడా, అంటే నిష్పత్తి 0.34 నుంచి 0.36 దాటిపోతుంది. కుప్ప పైభాగం ఎండి, అడుగు తడిసి ఉంటే ఒకే రోజు రెండు రకాల కాంక్రీట్ పోసినట్టే. లోడర్‌తో కుప్పని తిరగేసి, ప్రతి షిఫ్ట్‌లో కనీసం రెండుసార్లు తేమ చూడాలి.

#5 ల్యాబ్‌టేబుల్

గాలి శాతం గురించి ఒక మాట. ప్రెషర్ మీటర్ పెట్టారో, మోసపోయినట్టే. ఒత్తిడి గింజలోని గాలిని కూడా నొక్కి, లేని గాలిని ఉన్నట్టు చూపిస్తుంది. 6 శాతం అని రాసుకుంటారు, పేస్టులో 3 కూడా ఉండదు. దొర్లించే వాల్యూమెట్రిక్ మీటర్, అంటే అమెరికా పరీక్ష ప్రమాణం ఏఎస్‌టీఎం సీ173 పద్ధతే వాడాలి. పక్కనే తాజా సాంద్రత కూడా తూచండి. రెండూ పొసగకపోతే పోత ఆపండి.

గట్టిపడ్డాక కోర్ కోసి బుడగల మధ్య దూరం చూడాలి. స్పేసింగ్ ఫ్యాక్టర్ 0.20 మి.మీ. లోపు రావాలి. లెక్కించే మనిషి గింజలోని రంధ్రాలని బుడగలుగా లెక్కెయ్యకుండా చూసుకోండి, మైక్రోస్కోపు కింద రెండూ గుండ్రంగానే కనబడతాయి.

#6 పంపులైన్

300 సైకిళ్ల ఫ్రీజ్-థా (గడ్డకట్టించి కరిగించే) పరీక్ష పాసైన కంకర అని సరఫరాదారు సర్టిఫికెట్ ఇచ్చాడు. ఇంకా దేనికి ఇంత భయం?

#7 ల్యాబ్‌టేబుల్

ఆ సర్టిఫికెట్‌లో చిన్న అక్షరాలు చదవండి. తేలిక కంకరకి ఏఎస్‌టీఎం సీ330 చెప్పే పద్ధతిలో నమూనాని 14 రోజులు తడిగా ఉంచి, తర్వాత 14 రోజులు 50 శాతం తేమ గాలిలో ఆరబెట్టి, 24 గంటలు నీళ్లలో ముంచి, ఆపైనే సైకిళ్లు మొదలెడతారు. వంతెన డెక్‌కి అది న్యాయమే, ఎండ, గాలి తగులుతాయి. ఆటుపోట్ల మధ్య ఉండే గోడకి ఆ రెండు వారాల ఆరుదల ఎవరిస్తారు?

మీ గోడకి రెండు సెట్లు చేయించండి. ఒకటి సీ330 పద్ధతిలో. రెండోది అస్సలు ఆరబెట్టకుండా, క్యూరింగ్ ట్యాంకులోంచి నేరుగా సీ666 ఏ (నీళ్లలోనే గడ్డకట్టించి కరిగించే) పద్ధతిలోకి. రెండో సెట్ ఎక్కడ విరుగుతుందో చూస్తే మీ కంకర సంగతి తెలుస్తుంది. అలాగే ఉప్పునీటితో పైపొర రాలుడు పరీక్ష వేరుగా చేయాలి. లోపల పగిలే జబ్బూ, పైపొర రాలే జబ్బూ ఒకటి కావు.

#8 తేలికకంకర

దీనికి సముద్రపు రుజువు కావాలంటే అమెరికాలో మెయిన్ తీరాన ట్రీట్ ఐలండ్ చూడండి. అక్కడి సైన్యపు ఇంజినీర్ల ఎక్స్‌పోజర్ స్టేషన్ 1936 నుంచి ఉంది. పోటు వచ్చినప్పుడు నమూనాలోని మంచు సముద్రపు నీటిలో కరుగుతుంది, పాటు తీసినప్పుడు చలిగాలిలో గడ్డకడుతుంది. ఒక చలికాలంలో సగటున 100కి పైగా సైకిళ్లు. తేలిక కాంక్రీట్ నమూనాలు కూడా అక్కడ ఏళ్ల తరబడి పెట్టారు. ఫ్రిజ్ పెట్టెలో 300 సైకిళ్లంటే అక్కడ మూడు శీతాకాలాలు. మీ కైసన్ ఆయుష్షు ఎన్నేళ్లు?

ఒక ఊరట: నీటి కింద ఎప్పుడూ మునిగి ఉండే భాగం గడ్డకట్టదు, నీరే మైనస్ 2 కిందికి పోదు. అసలు రణం పాటు మట్టానికి ఒక మీటరు కింద నుంచి పోటు మట్టానికి రెండు మూడు మీటర్ల పైదాకా. ఆ పట్టీ వరకు కంకర మరింత పొడిగా, గాలి 6 దగ్గరగా, నిష్పత్తి 0.34 మించకుండా పట్టుకోండి.

#9 కడ్డీలెక్క

షియర్ సంగతికొస్తాను. యూరోకోడ్ 2 (ఐరోపా కాంక్రీట్ డిజైన్ కోడ్) 11వ అధ్యాయం ప్రకారం మామూలు కాంక్రీట్‌కి 0.18 ఉన్న గుణకం ఇక్కడ 0.15. దాన్ని మళ్లీ 0.40 + 0.60 × సాంద్రత / 2,200 తో గుణించాలి. 1,886 పెడితే 0.914. రెండూ కలిపితే 0.76, అంటే 24 శాతం కోత. అమెరికా కోడ్ ఏసీఐ 318లో అయితే ఇసుక మామూలుది, కంకర తేలికది అయినప్పుడు లాంబ్డా (తగ్గింపు గుణకం) 0.85.

ఇలాస్టిక్ మాడ్యులస్‌కి (లోడు కింద సాగకుండా నిలిచే బిగువుకి) సగటు బలం 68 మెగాపాస్కల్ పెడితే మామూలు కాంక్రీట్‌కి 39 గిగాపాస్కల్. సాంద్రత నిష్పత్తి వర్గంతో తగ్గిస్తే 28.7.

#10 ల్యాబ్‌టేబుల్

కడ్డీలెక్క గారూ, తాజా సాంద్రత పెట్టేశారు. కోడ్ అడిగేది ఓవెన్‌లో ఎండబెట్టిన సాంద్రత. పై మిక్స్‌లో సిమెంట్ పట్టి ఉంచుకునే నీరు సుమారు 90 కిలోలు పోగా, మిగతా 64, గింజలోని 39 ఆవిరవుతాయి. అంటే దాదాపు 1,785. మాడ్యులస్ 25.7 గిగాపాస్కల్‌కి దిగుతుంది. ఏసీఐ సూత్రం 27 దాకా చెప్పొచ్చు గానీ ఇంత బలం దగ్గర అది ఎక్కువ చెబుతుంది. సిలిండర్ పరీక్షలో 23, 24 వస్తే ఆశ్చర్యపోకండి.

#11 కడ్డీలెక్క

నిజమే, తప్పు నాదే. షియర్ గుణకానికైతే ఆ సాంద్రత తరగతి పై హద్దు పెట్టాలి. 1,785 కాబట్టి 1.8 తరగతి, 1,800 పెడితే 0.891. మొత్తం 0.74. అయితే ఇది సరిగ్గా అంచు మీద ఉంది. సైట్లో 1,810 వస్తే పై తరగతిలో పడుతుంది, గుణకం కాగితం మీద పెరుగుతుంది. దాన్ని నమ్ముకోకండి, 0.74తోనే ఉండండి.

ఎందుకీ కోత అంటే, పగులు గింజని చుట్టి వెళ్లదు, గింజని చీల్చుకుని పోతుంది. విరిగిన ముఖం నున్నగా ఉంటుంది, రెండు ముఖాలూ ఒకదాన్నొకటి పట్టుకోవు.

ఇంతకంటే పెద్ద దెబ్బ ఇంకోటుంది, చాలామంది చూడరు. స్పైరల్ గానీ స్టిరప్ గానీ చుట్టూ బిగిస్తే వచ్చే అదనపు బలం. మామూలు కాంక్రీట్‌కి పక్క ఒత్తిడి కొద్దిగా ఉన్నప్పుడు దానికి 5 రెట్లు కలుపుతాం. ఇసుకతో చేసిన తేలిక కాంక్రీట్‌కి యూరోకోడ్ ఇచ్చేది 1.1 రెట్లు. బిగించేకొద్దీ గింజ లోపలి రంధ్రాలే నలిగిపోతాయి కాబట్టి. బలం పెరగదు గానీ స్టిరప్ లేకపోతే గరిష్ఠ లోడు దాటాక ఒక్కసారిగా పెటిలిపోతుంది. కాబట్టి స్టిరప్ తగ్గించే ఆలోచనే వద్దు, బలంలో దాని వాటా మాత్రం లెక్కెయ్యకండి.

#12 మంచులోడ్

అసలు లోడు ఎంతో ఎవరూ చెప్పలేదు! ధ్రువ ప్రాంత సముద్ర కట్టడాల ప్రమాణం ఐఎస్ఓ 19906 2010 ఎడిషన్‌లో 1.5 మీటర్లు దాటిన మందపు మంచుకి స్థానిక ఒత్తిడి 7.40 × విస్తీర్ణం పవర్ మైనస్ 0.70 మెగాపాస్కల్. ఒక చదరపు మీటరు మీద 7.4, నాలుగు మీద 2.8, పది మీద 1.48, ఆపైన అదే.

ఒత్తిడి తగ్గుతోందని సంబరపడకండి, మొత్తం బలం పెరుగుతుంది: 7.4, 11.2, 14.8 మెగాన్యూటన్లు. మీ 900 గోడకి ప్రభావ లోతు (ఒక ముఖం నుంచి అవతలి కడ్డీ దాకా) 800 పెట్టి, లోడు అంచు నుంచి దానికి రెట్టింపు దూరంలో పంచింగ్ (లోడు గోడని గుచ్చుకుపోయే షియర్) చూస్తే, నాలుగు చదరపు మీటర్లకి 0.78 మెగాపాస్కల్, పదికి 0.82. లోడు గుణకం 1.35 కలిపితే 1 దాటింది. పొడవు కడ్డీ 1.5 శాతం పెడితే స్టిరప్ లేని తేలిక కాంక్రీట్ మోసేది 0.60. మామూలు కాంక్రీట్ అయినా 0.81 దగ్గరే ఆగుతుంది. అంటే రెండింటికీ షియర్ కడ్డీ తప్పదు. తేలిక కాంక్రీట్ పెట్టినందుకు మీరు కొనుక్కునేది ఆ కడ్డీలో అదనపు వాటా మాత్రమే. 6 మీటర్ల అడ్డగోడల మధ్య బీమ్ షియర్ కూడా విడిగా చూడాలి.

ఆ కడ్డీ టీ-హెడ్‌దే పెట్టండి. చివర పలక విస్తీర్ణం కడ్డీకి పది రెట్లు ఉన్నది వాడితే జారుడు ఉండదు. కొక్కెం వంచిన స్టిరప్ అయితే వంపు లోపల తేలిక గింజ నలిగి, కడ్డీ పూర్తి బలం అందుకోకముందే కదులుతుంది. పైగా ఇంత ఒత్తుగా కొక్కేలు పెడితే వైబ్రేటర్ సూది దిగదు.

#13 కైసన్‌డిజైన్

12కి ధన్యవాదాలు, లెక్క సరిపోయింది. నీటిలో బరువు మూడో వంతు తగ్గుతుందని ఎక్కడో చదివి తేలిక కాంక్రీట్ ఎంచుకున్నారు. అది నిజమేనా?

#14 కడ్డీలెక్క

నిజమే, కానీ మీకు పనికొచ్చే నిజం కాదు. ఘనపు మీటరుకి 250 కిలోల కడ్డీ వేస్తే తేలికది దాదాపు 2,080, మామూలుది 2,575. సముద్రపు నీరు 1,025 తీసేస్తే 1,055, 1,550. అక్కడ 32 శాతం తేడా. కానీ తేలే వస్తువు డ్రాఫ్ట్‌ని నిర్ణయించేది మొత్తం బరువు, అక్కడ తేడా 19 శాతమే. బరువంతా కాంక్రీటే అనుకుంటే మామూలుది 11 మీటర్లు మునిగేచోట ఇది 9 దగ్గర ఆగుతుంది. అందులోంచి షియర్ కోసం పెంచిన కడ్డీ బరువు తీసేయాలి. నీళ్లలో ఉన్నకొద్దీ కాంక్రీట్ నీరు తాగుతుంది, ఆ బరువు కూడా ముందే కలపాలి. మాడ్యులస్‌కి ఎండిన సాంద్రత, డ్రాఫ్ట్‌కి తడిసిన సాంద్రత. ఒకే అంకె రెండు చోట్లా వాడితే ఏదో ఒకచోట మునుగుతారు.

#15 మంచులోడ్

ముందు కట్టినవి చూద్దాం. కెనడా వైపు బ్యూఫోర్ట్ సముద్రంలో 1981లో టార్సియుట్ దగ్గర 4 కాంక్రీట్ కైసన్లు దించారు, అవి తేలిక కాంక్రీట్‌వే. 1984లో జపాన్‌లో కట్టి అలాస్కా వైపు బ్యూఫోర్ట్‌కి తీసుకెళ్లిన చమురు తవ్వే వేదిక గ్లోమార్ బ్యూఫోర్ట్ సీ 1 కొన్ని భాగాల్లో హై స్ట్రెంగ్త్ తేలిక కాంక్రీట్. అదే తర్వాత ఓర్లాన్ పేరుతో రష్యా చమురు ప్రాజెక్టు సఖాలిన్-1కి వెళ్లింది.

1997లో న్యూఫౌండ్‌లాండ్ దగ్గర నిలబెట్టిన హైబర్నియా చమురు వేదికలో ఇంకో దారి పట్టారు. ముతక కంకరలో సగం దాకా మాత్రమే తేలిక కంకర. మంచుకొండలు గుద్దే చోటది, బయటి గోడకి 16 పళ్లు. తేలడానికి కావలసినంత బరువు తగ్గించుకుని, షియర్, మాడ్యులస్ పెద్దగా పోగొట్టుకోలేదు. నన్నడిగితే మీ గోడకి కూడా ముందు చూడాల్సింది ఈ సగం-సగం మిక్సే. మంచు గోడకి అది, లోపలి అడ్డగోడలు, పై స్లాబ్‌కి పూర్తి తేలిక కాంక్రీట్. డ్రాఫ్ట్ సరిపోతుందేమో లెక్కేసి చూడండి.

#16 పంపులైన్

నార్వే వాళ్ల తేలే చమురు వేదిక హైడ్రన్ ఎందుకు వదిలేశారు? 1995లో హల్ మొత్తం ఎల్‌సీ 60తో పోశారు కదా.

#17 మంచులోడ్

పోశారు, అద్భుతమైన పనే. కానీ నార్వే సముద్రంలో ఆ చోట మంచు పలకలు రావు. అలలు, అలసట, బరువు విషయంలో దాన్ని ఉదాహరణగా తీసుకోండి, మంచు రాపిడికి కాదు. 1994 నాటి నార్డ్‌హోర్డ్‌లాండ్ తేలే వంతెన పాంటూన్లదీ ఇదే మాట.

#18 తేలికకంకర

రాపిడి విషయంలో తేలిక కాంక్రీట్ వెనకబడిందే, దాచడానికేమీ లేదు. మామూలు కాంక్రీట్‌లో ముందు మోర్టార్ అరుగుతుంది, గట్టి కంకర బయటికి పొడుచుకొచ్చి మంచుని తను తట్టుకుంటుంది. ఇక్కడ గింజ కూడా మోర్టార్‌తో పాటే అరుగుతుంది, తెరుచుకున్న రంధ్రాల్లో నీరు నిలిచి గడ్డకడుతుంది. ఆపైన మంచు గోడకి అతుక్కుని, కదిలినప్పుడు పైపొరని పీక్కుపోతుంది. చలి పెరిగేకొద్దీ మంచూ గట్టిపడుతుంది, మైనస్ 5 దగ్గరి మంచు వేరు, మైనస్ 20 దగ్గరిది వేరు.

కవర్ లెక్క రెండుగా రాయండి: తుప్పుకి కావలసినది, అరిగిపోవడానికి ఇచ్చేది. రెండూ కలిపి ఒకటే అంకె రాస్తే అరిగిన ఏడాది తుప్పు కవర్ కూడా పోతుంది. నీటి మట్టం పట్టీలో ఉక్కు పలక గానీ, గట్టి కంకరతో మామూలు హై స్ట్రెంగ్త్ కాంక్రీట్ పొర గానీ పెట్టడమే సబబు. పలక పెడితే వెనక గ్రౌట్ ఖాళీలు మిగలకూడదు, అక్కడ నీరు చేరి గడ్డకట్టి పలకని ఉబ్బిస్తుంది.

#19 పంపులైన్

రెండు రకాల కాంక్రీట్ ఒకే గోడలో పెడితే చలికి ఒకటి ఒకలా, ఇంకోటి ఇంకోలా ముడుచుకుని అతుకు దగ్గర విడిపోదా?

#20 కడ్డీలెక్క

మంచి ప్రశ్న. వ్యాకోచ గుణకం తేలికదానికి డిగ్రీకి మిలియన్‌లో 8, మామూలుదానికి 11 అనుకుంటే, 28 డిగ్రీల మార్పుకి తేడా మిలియన్‌లో 84. తక్కువేమీ కాదు గానీ, అతుకుని అడ్డంగా కుట్టే కడ్డీ ఉంటే పగులు వెడల్పు అదుపులో ఉంటుంది. అందుకే అతుక్కించే పొర కంటే ఒకే పోతలో పట్టీగా మారడం నయం.

చలి దెబ్బ విషయంలో తేలికది నిజానికి గెలుస్తుంది. పాటు తీసి మైనస్ 2 నీటిలోంచి మైనస్ 30 గాలిలోకి ముఖం వచ్చిందనుకోండి. ముఖం ముడుచుకోబోతే వెనక ఉన్న కాంక్రీట్ పట్టి ఆపుతుంది. పూర్తిగా ఆపితే తేలికదానిలో 28 × 8 × 25 గిగాపాస్కల్, ప్వాసాన్ నిష్పత్తి 0.2 కలిపి 7 మెగాపాస్కల్ లాగుడు. మామూలుదానికి 36 గిగాపాస్కల్‌తో దాదాపు 14. నిజంలో పూర్తి ఆపుదల ఉండదు, రెండూ సగానికి పైగా తగ్గుతాయి, కానీ వాటి మధ్య నిష్పత్తి అలాగే ఉంటుంది. తక్కువ మాడ్యులస్ ఇక్కడ వరం.

కొత్త కాంక్రీట్‌లో మాత్రం ఇదే గుణం తిప్పి కొడుతుంది. తేలిక కాంక్రీట్ వేడిని వదలదు. 900 మి.మీ. గోడ నడిమధ్య హైడ్రేషన్ వేడి మామూలుదాని కంటే ఎక్కువసేపు ఉంటుంది. చలిలో షట్టరింగ్ తొందరపడి విప్పితే నెర్రెలే.

#21 ల్యాబ్‌టేబుల్

పోసేటప్పుడు చూడాల్సింది ఒకటి మిగిలింది. వైబ్రేటర్ ఎక్కువసేపు పెడితే మామూలు కాంక్రీట్‌లో కంకర కిందికి దిగుతుంది, ఇక్కడ పైకి తేలుతుంది. ప్రతి పొర పైన గింజలు పోగై బలహీనమైన పట్టీ ఏర్పడుతుంది, పైగా మీ కన్‌స్ట్రక్షన్ జాయింట్ అక్కడే వస్తుంది. తేలిక కాంక్రీట్‌లో కంపనం దూరం పోదు కాబట్టి సూదిని దగ్గర దగ్గరగా దింపాలి, ఒక్కోచోట తక్కువసేపు పెట్టాలి. ట్రయల్ గోడ ఒకటి పోసి, కోసి, పై 50 మి.మీ. కళ్లతో చూడండి. గింజలు ఎక్కడ గుమిగూడాయో కోసిన ముఖం మీద ముదురు చుక్కల్లా కనబడుతుంది.

#22 కైసన్‌డిజైన్

స్పెసిఫికేషన్‌కి ఇలా మార్పు రాస్తున్నా: వాక్యూమ్, వేడి నానుడు నిషేధం. వాడేటప్పుడు గింజలో నీరు 24 గంటల పీల్పుని మించకూడదు. మంచు గోడ బకెట్‌తో. నీటి మట్టం పట్టీలో గట్టి కంకర కాంక్రీట్, ఒకే పోతలో మార్పు. సగం-సగం మిక్స్‌కి డ్రాఫ్ట్ లెక్క వేరుగా వేస్తాను. చలికి ముందు ఎంత సమయం ఇవ్వాలి?

#23 తేలికకంకర

ఒక్కసారి గడ్డకట్టినా తట్టుకోవాలంటే 3.5 మెగాపాస్కల్, పదేపదే గడ్డకట్టే చోటికి పంపాలంటే కనీసం 24 దాటి ఉండాలని మామూలు సూత్రం. ఎల్‌సీ 60కి అది కొద్ది రోజుల పని. మీకు అసలు కావలసింది బలం కాదు, ఆరుదల. తడి క్యూరింగ్ అయ్యాక గోడ నీళ్లలో దిగేముందు కనీసం 4 వారాలు పొడి గాలిలో ఉండేలా షెడ్యూల్ పెట్టండి. నిర్మాణం ఆలస్యమై ఆ 4 వారాలు కోసేద్దామని ఎవరైనా అంటే, ల్యాబ్‌టేబుల్ గారు చెప్పిన ఆరబెట్టని సెట్ ఫలితం ముందు పెట్టండి. అది 300 సైకిళ్లు దాటిందా, కొయ్యండి. దాటలేదా, గోడని వచ్చే వేసవి దాకా డాక్‌లోనే ఉంచండి.